సూర్యుణ్ణి అన్నా అని పిలిచిన పేదవాడు

పోయిన సంచికలో పునీతుడు అస్సీసి ఫ్రాన్సిస్ రాసిన సృష్టి గీతం గురించి నాలుగు మాటలు రాశాను. సూర్యుణ్ణి అన్న అనీ, నీళ్లను చెల్లి అనీ, భూమిని మనల్ని పోషించే అక్క, అమ్మ అనీ పిలుస్తూ దేవుణ్ణి స్తుతించే చిన్న పాట అది. ఇటలీలో అస్సీసి ఊరి బయట 1225లో పుట్టింది, అంటే 2025కి 800 ఏళ్లు నిండాయి. ఆ ముక్క రాసినందుకు చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్నిటిలో మెచ్చుకోలు ఉంది, కొన్నిటిలో గట్టి అభ్యంతరం ఉంది, ఒకటి రెండు కోపంగానే ఉన్నాయి. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సూర్యుడు అన్న ఏంటండీ? సృష్టిని కాదు, సృష్టికర్తని పూజించమని వాక్యం స్పష్టంగా చెబుతోంది కదా. ఇలాంటి పాటలు పొగడటమంటే ప్రకృతి పూజని దొడ్డిదారిన గుడిలోకి తేవడమే కదా?
– ఒక సోదరుడు, తెనాలి

జవాబు: అన్నా, మీ భయం అర్థమైంది. కానీ ఆ పాట ఎవరికి దణ్ణం పెడుతోందో ఒకసారి చూడండి. చరణం తర్వాత చరణం ‘నా ప్రభువా, నీకు స్తుతి’ అనే మొదలవుతుంది. సూర్యుడు గొప్పవాడే, అందగాడే, కానీ ఎందుకు గొప్పవాడంటే నీ పోలిక వాడిలో ఉంది కాబట్టి, అని ఆ మాట కూడా దేవుడితోనే అంటాడు. మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా పూజ అందుకునేది ఒక్కడే.

అసలు ఆ పాటకి వేరు బైబిల్లోనే ఉంది. 148వ కీర్తన తీసి చూడండి, సూర్యచంద్రులు, నక్షత్రాలు, మంచు, గాలి, కొండలు, పండ్ల చెట్లు, పురుగులు, పక్షులు అన్నిటినీ దేవుణ్ణి స్తుతించమని పిలుస్తుంది. దానియేలు గ్రంథంలో, మన కతోలిక బైబిల్లో ఉన్న భాగంలో, అగ్నిగుండంలో ముగ్గురు యువకులు పాడే పాట కూడా అదే. ఈ రెండూ మఠాల్లో ఉదయకాల ప్రార్థనలో పాడేవే, ఫ్రాన్సిస్ నోట ఏళ్ల తరబడి నలిగినవే. ఆయన కొత్తగా చేసిందల్లా వాటికి బంధుత్వం కలపడం. తండ్రి ఒక్కడే అయితే, ఆయన చేతి నుంచి వచ్చినవన్నీ ఒక ఇంటివే కదా! తోబుట్టువుని ఎవరూ పీఠం మీద పెట్టి పూజించరు, అలాగని అంగట్లో పెట్టి అమ్మరు కూడా. నాకు అర్థమైనంతవరకు ఫ్రాన్సిస్ చెప్పే పర్యావరణమంతా ఈ రెంటి మధ్యే ఉంది.

ఇంకో సంగతి. పాట ఒక్కటే చదివి ఆయన్ని మెత్తటి మనిషి అనుకుంటాం గానీ, తన సోదరులకి, అంటే తనతో కలిసి సన్యాసులుగా బతికినవాళ్లకి, ఇచ్చిన హితోపదేశాల్లో ఐదోది చదివితే గుండె ఝల్లుమంటుంది. ఆకాశం కింద ఉన్న ప్రాణులన్నీ వాటి వాటి తీరులో తమ సృష్టికర్తని నీకంటే బాగా ఎరుగుతాయి, నీకంటే బాగా ఆయన మాట వింటాయి అంటాడు. నీ పాపాలతో క్రీస్తుని సిలువ వేసింది నువ్వే, కాబట్టి దేన్ని చూసుకుని నీ గర్వం అని అడుగుతాడు. సుగుణాల మీద రాసిన ఇంకో చిన్న స్తుతిలో, నిజమైన విధేయత ఉన్నవాడు మనుషులకే కాదు, పశువులకీ అడవి మృగాలకీ కూడా లోబడి ఉంటాడని రాశాడు. ఆదికాండం మొదటి అధ్యాయంలో ఏలమన్న మాట ఒక్కటే పట్టుకుని, రెండో అధ్యాయంలో తోటని సేద్యం చేసి కాయమన్న మాటని వదిలేసినవాళ్లకి ఈయన దగ్గర చోటు లేదు.

1967లో లిన్ వైట్ అనే అమెరికన్ చరిత్రకారుడు ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ప్రకృతి ఇలా పాడవడానికి పాశ్చాత్య క్రైస్తవం కూడా కారణమని గట్టిగా నిలదీశాడు. అంత నిలదీసినవాడు కూడా చివర్లో, పర్యావరణం గురించి పట్టించుకునేవాళ్లకి ఫ్రాన్సిస్ పాలక పునీతుడిగా ఉండాలని సూచించాడు. 1979 నవంబరు 29న రెండో జాన్ పాల్ జగద్గురువులు సరిగ్గా ఆ పనే చేశారు. 2015 జూన్ 18న పోపు ఫ్రాన్సిస్ పర్యావరణం మీద విడుదల చేసిన విశ్వలేఖ (అందరినీ ఉద్దేశించి పోపు రాసే లేఖ) ‘లౌదాతో సీ’కి పేరు కూడా ఈ పాటలోంచి తీసుకున్నదే. కాబట్టి అన్నా, ఇది దొడ్డిదారిన వచ్చింది కాదు, శ్రీసభ, అంటే కతోలిక సభ, పెద్ద తలుపు తీసి పిలుచుకుంది.

ప్రశ్న: నేను క్రైస్తవుణ్ణి కాదు. మాకు భూదేవి ఉంది, సూర్యుడికి దణ్ణం పెట్టుకుంటాం, నదుల్ని తల్లి అంటాం. మరి ఈయన చెప్పినదాంట్లో కొత్త ఏముంది?
– డిగ్రీ విద్యార్థి, సూర్యాపేట

జవాబు: తమ్ముడూ, మంచి ప్రశ్న. పోటీ పెట్టి ఎవరిది గొప్ప అని తేల్చడం నాకు ఇష్టం లేదు, అవసరం కూడా లేదు. ఆయన్ని అర్థం చేసుకోవాలంటే మాత్రం పక్షుల బొమ్మల్ని కాసేపు పక్కన పెట్టి డబ్బు సంగతి చూడాలి.

ఫ్రాన్సిస్ నాన్న పియెత్రో బెర్నార్దోనే బట్టల వ్యాపారి. అప్పటి ఇటలీ ఊళ్లలో డబ్బు చెలామణీ పెరిగి, వ్యాపారుల చేతికి బలం వస్తున్న కాలం. కుర్రాడు దుకాణంలో కూర్చున్నాడు, ఖరీదైన బట్టలు కట్టాడు, స్నేహితులకి విందులిచ్చాడు. అస్సీసికీ పక్కనున్న పెరూజాకీ 1202లో జరిగిన యుద్ధంలో దొరికిపోయి, దాదాపు ఏడాది చెరసాలలో ఉన్నాడు. 1206లో బిషప్‌గారి ఎదుట, ఊరి జనం చూస్తుండగా ఒంటి మీద బట్టలు విప్పి తండ్రికి తిరిగిచ్చేశాడు. తర్వాత ఆయన రాసిన నియమావళి, 1223లో మూడో హొనోరియస్ పోపు ఆమోదించింది, అందులో ఆరో అధ్యాయం ఏం చెబుతుందంటే, సోదరులు ఇల్లు గానీ స్థలం గానీ మరేదైనా గానీ తమ సొంతం చేసుకోకూడదు. వేరే అధ్యాయాల్లో, డబ్బు ముట్టకూడదు. జబ్బు చేస్తేనో, మరీ తప్పకపోతేనో తప్ప గుర్రం ఎక్కకూడదు. చనిపోయే ముందు రాసిన మరణశాసనంలో నేను చేతుల్తో పనిచేశాను, ఇంకా చేయాలనుకుంటున్నాను అన్నాడు.

ఇదంతా ఒంటిని బాధపెట్టుకోవడం కోసం అనుకుంటే పొరపాటు. ఒకసారి అస్సీసి బిషప్ ఇంత కష్టంగా ఎలా బతుకుతారయ్యా అని అడిగితే, ఆస్తి ఉంటే దాన్ని కాపాడుకోవడానికి ఆయుధాలు కావాలి, ఆస్తి వల్లే తగాదాలూ కోర్టులూ, దేవుడి మీదా పొరుగువాడి మీదా ప్రేమకి అదే అడ్డం అని జవాబిచ్చాడట. ఈ మాట చదివాక సృష్టి గీతం మళ్లీ చదువు. నదిని తల్లి అని పిలవడం మనకి తెలుసు. ఆ తల్లి ఒడ్డున ఇసుక ఎవరు తవ్వుకుపోతున్నారు, ఎవరి లారీల్లో పోతోంది, అదీ మనకి తెలుసు. క్రైస్తవ దేశాల్లోనూ ఇదే కథ, కాబట్టి నీ మతం నా మతం అని లేదు. భక్తి నోట్లో ఉండి, చెయ్యి మాత్రం లాక్కుంటూ ఉంటే ఆ భక్తికి అర్థం లేదని ఫ్రాన్సిస్ బతికి చూపించాడు. తన పేరు మీద సెంటు భూమి లేనివాడు కాబట్టే భూమిని అక్కా అనగలిగాడు. నన్నడిగితే ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఇదే. పిట్టల్ని ప్రేమించడం ఎవరైనా చేస్తారు.

ప్రశ్న: మా అమ్మకి షుగర్ వల్ల చూపు దాదాపు పోయింది. మీరు రాసింది చదివి వినిపిస్తే, ‘‘కళ్లున్నవాడు సూర్యుడి మీద ఎన్నయినా రాస్తాడులే’’ అని అటు తిరిగి పడుకుంది. ఏం చెప్పాలో తోచలేదు.
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అమ్మా, మీ అమ్మగారికి ఈ సంగతి చెప్పండి. ఆ పాట కట్టేనాటికి ఫ్రాన్సిస్‌కి కూడా చూపు దాదాపు లేదు.

1219లో క్రూసేడు యుద్ధం జరుగుతుంటే ఈజిప్టులో దమియెత్తాకి వెళ్లాడు, అవతలి పక్షం సుల్తాను అల్ కామిల్‌ని కలిసి మాట్లాడాడు. కళ్ల జబ్బు అక్కడ అంటుకుందని చాలామంది చరిత్రకారులు అంటారు. 1224 సెప్టెంబరులో లా వెర్నా కొండ మీద ప్రార్థనలో ఉండగా క్రీస్తు పంచగాయాలు, అంటే సిలువ మీద ఆయనకైన ఐదు గాయాలు, ఫ్రాన్సిస్ ఒంటి మీద పడ్డాయి. ఆ గాయాలతో, లోపలి జబ్బులతో, కళ్ల మంటతో ఉన్న మనిషిని సాన్ దామియానోకి తెచ్చారు. ఫ్రాన్సిస్ బాటలోనే నడిచిన పునీత క్లార, ఆమెతో ఉన్న సోదరీమణులు నివసించే చోటు అది. పక్కనే చాపలతో కట్టిన చిన్న గుడిసెలో పడుకోబెట్టారు.

అప్పుడు ఆయన పక్కనే ఉన్న సోదరుల జ్ఞాపకాలు మనకి మిగిలాయి. యాభై రోజులకి పైగా పగటి వెలుతురు చూడలేకపోయాడని, రాత్రిపూట దీపం వెలుతురు కూడా భరించలేకపోయాడని వాళ్లు చెప్పారు. ఎప్పుడూ చీకట్లోనే. దానికి తోడు గుడిసె నిండా ఎలుకలు. పడుకుంటే ఒంటి మీద నుంచి పరుగెత్తేవి, నిద్రపోనిచ్చేవి కావు, ప్రార్థన చేసుకోనిచ్చేవి కావు, తినేటప్పుడు కూడా మీదికి ఎక్కేసేవి. ఒక రాత్రి ఆయనకి తన మీద తనకే జాలేసింది, ప్రభూ నాకు ఓపిక ఇయ్యి అని ఏడ్చాడు. ఆ రాత్రి ప్రార్థనలోనే, ఇంత కష్టానికీ బదులుగా నీకు నా రాజ్యం ఉంది, ఇప్పుడే అందులో ఉన్నట్టు సంతోషించు అన్న అభయం దొరికిందట.

తెల్లారి లేచి కూర్చుని, సోదరుల్ని పిలిచి, ప్రభువు సృష్టించినవాటి గురించి కొత్త స్తుతి కడతానన్నాడు. ఎందుకు కడుతున్నాడో కూడా చెప్పాడు. వాటిని మనం రోజూ వాడుకుంటున్నాం, అవి లేకపోతే బతకలేం, అయినా వాటి విషయంలోనే మనుషులు తమ సృష్టికర్తని ఎంతో నొప్పిస్తున్నారు, ఇన్ని మేళ్లు పొందీ కృతజ్ఞత లేకుండా ఉన్నారు, అన్నాడు. 800 ఏళ్ల నాటి మాట అమ్మా ఇది. ఫ్యాక్టరీ లేదు, ప్లాస్టిక్ లేదు. అయినా అన్నాడు. నాకైతే పాటకన్నా ఈ మాట ఎక్కువ పట్టుకుంది.

ఎండ కంట పడితే ఓర్చుకోలేని మనిషి సూర్యుణ్ణి మొదట పెట్టి పాడాడు. రాత్రి మంట చూడలేనివాడు నిప్పుని అందమైనవాడు, సరదా మనిషి, బలవంతుడు అన్నాడు. ఆ తర్వాత రియేతి దగ్గర ఫోంతె కొలొంబోలో ఆయన కళ్లకి వైద్యం చేశారు. ఆ రోజుల్లో వైద్యం అంటే కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం. ఇనుప కడ్డీ నిప్పుల్లో ఎర్రగా కాలుతుంటే ఆయనకీ భయమేసింది. నిప్పు వైపు తిరిగి, తమ్ముడూ, నిన్ను ప్రభువు చాలా అందంగా, అందరికీ పనికొచ్చేలా చేశాడు, నేను నిన్నెప్పుడూ ప్రేమించాను, ఈ ఘడియలో నా మీద దయ చూపు, నేను ఓర్చుకోగలిగేంతే కాల్చు అని బతిమాలాడు. చెవి దగ్గర నుంచి కనుబొమ్మ దాకా కాల్చారు. పక్కనున్న సోదరులు చూడలేక బయటికి పారిపోయారు. ఆయన మాత్రం నొప్పి తెలియలేదన్నాడట. ఇంత చేసినా చూపు రాలేదు.

ఇంకో రెండు చరణాలు తర్వాత కలిశాయి. అస్సీసి బిషప్‌కీ ఊరి పాలకుడికీ పెద్ద గొడవ వచ్చింది. బిషప్ ఆయన్ని శ్రీసభ నుంచి వెలివేశాడు, ఆయనేమో బిషప్‌కి ఎవరూ ఏమీ అమ్మకూడదు, కొనకూడదు అని చాటింపు వేయించాడు. ఫ్రాన్సిస్ మంచం మీద నుంచే క్షమించేవాళ్ల గురించి, జబ్బుల్నీ కష్టాల్నీ ఓర్చుకునేవాళ్ల గురించి ఒక చరణం కట్టి, ఇద్దరి ఎదుటా పాడి రమ్మని సోదరుల్ని పంపాడు. ఆ పాట విని ఇద్దరూ రాజీపడ్డారు. గాలి, నీరు, నిప్పు వరసలో జబ్బుపడ్డ మనుషుల్ని కూర్చోబెట్టాడు చూడండి, మీ అమ్మగారు ఆ పాటకి బయట లేరు, లోపలే ఉన్నారు. చివరిది సోదరి మరణం గురించి. ఇక ఎన్నాళ్లో బతకడని వైద్యుడు చెప్పాక కట్టింది. 1226 అక్టోబరు 3 సాయంత్రం, కోరి మరీ కటిక నేల మీద పడుకోబెట్టించుకుని కన్నుమూశాడు.

మీరు ఆవిడని ఒప్పించాలని చూడకండి. ఆవిడ బాధ ఆవిడది, చీకటిని అనుభవించేది ఆవిడ. ఇష్టమైతే ఆ జబ్బుల చరణం ఒక్కటి చదవండి. ఎలుకల సంగతి చెప్పండి. ఆయనకీ పాడి వినిపించడానికి లియో, ఏంజెలో అని ఇద్దరు సోదరులు పక్కనే ఉండేవారని చెప్పండి, అచ్చం మీరు ఆవిడ పక్కన కూర్చున్నట్టే.

ప్రశ్న: ఫ్రాన్సిస్ వారు శాకాహారా? ప్రాణుల్ని అంత ప్రేమించి మాంసం ఎలా తిన్నారు?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: శాకాహారి కాదు. ఎవరైనా ముందు ఏం పెడితే అది తినొచ్చని సువార్తలో ఉన్న మాటనే నియమావళిలో పెట్టాడు, ఎందుకంటే వాళ్లు అడుక్కుతినే సోదరులు, ఇంటివాళ్లు పెట్టిందాన్ని వద్దనే హక్కు పేదవాడికి ఎక్కడిది? ఉపవాసాలు మాత్రం మనం ఊహించలేనన్ని చేశాడు. ఒకసారి క్రిస్మస్ శుక్రవారం పడింది. ఇవాళ మాంసం తినకూడదు కదా అని ఒక సోదరుడు అంటే, ఇలాంటి రోజున గోడలు కూడా మాంసం తినాలి, తినలేకపోతే వాటికి పైనన్నా పూయాలి అన్నాడు! మాంసం మానాలా వద్దా అన్నది మీ మనస్సాక్షి తేల్చుకోవాల్సిన విషయం. దానికి ఫ్రాన్సిస్‌ని సాక్ష్యానికి పిలిస్తే మాత్రం ఏ వైపూ గెలవదు.

ప్రశ్న: బడిలో పిల్లలకి గుబ్బియో తోడేలు కథ చెబుతుంటాను. అది నిజంగా జరిగిందా? అలాగే మీరిచ్చిన పాట సారాంశంలో జంతువులు, పక్షులు కనిపించలేదు. వదిలేశారా?
– ఒక ఉపాధ్యాయుడు, పాలకొల్లు

జవాబు: మాస్టారూ, వదల్లేదు, పాటలోనే లేవు! సూర్యుడు, చంద్రుడు, చుక్కలు, గాలి, మబ్బు పట్టిన రోజు, తేటగా ఉన్న రోజు, నీరు, నిప్పు, భూమి, దాని మీద పండ్లు, రంగురంగుల పూలు, గడ్డి, ఆ తర్వాత మనుషులు, మరణం. అంతే. పక్షులకి ప్రసంగం చేసిన పునీతుడి పాటలో ఒక్క పిట్ట లేదంటే వింతగానే ఉంటుంది. నాకు తోచింది చెబుతాను, ప్రాణులన్నీ దేని మీద ఆధారపడి బతుకుతాయో వాటినే ఆయన పాడాడు. గాలి చరణంలో, దీని ద్వారా నీ ప్రాణులకి పోషణ ఇస్తున్నావు అని ఒక మాట ఉంది, అందులో పిట్టా ఉంది, పశువూ ఉంది, మనమూ ఉన్నాం. నీళ్లు, గాలి, నేల బాగుంటే పిట్టని వేరే కాపాడక్కర్లేదు.

తోడేలు కథ ఆయన చనిపోయి వందేళ్లు దాటాక వచ్చిన ‘చిన్ని పూలు’ అనే కథల పుస్తకంలో ఉంది. 1228, 29 ప్రాంతంలో చెలానో తోమాసు రాసిన మొదటి జీవిత చరిత్రలో బెవాన్యా దగ్గర పక్షులకి చేసిన ప్రసంగం ఉంది గానీ ఈ కథ లేదు. కాబట్టి చరిత్ర అని చెప్పకండి, కథ అనే చెప్పండి. కానీ మానకండి. అందులో ఫ్రాన్సిస్ తోడేలుతో అనే మాట గమనించారా? నువ్వు చేసిన చెడంతా ఆకలి వల్లే చేశావని నాకు తెలుసు అంటాడు. ఊరివాళ్లు రోజూ దానికి తిండి పెట్టాలి, అది ఎవరినీ ముట్టకూడదు అని ఇద్దరి మధ్యా ఒప్పందం చేస్తాడు. రెండేళ్లు ఇంటింటికీ తిరిగి తిని, చివరికి ముసలిదై చనిపోతే ఊరంతా బాధపడుతుంది. అడవి మృగం ఊళ్లోకి ఎందుకొచ్చింది అన్న ప్రశ్నని పిల్లలతో మాట్లాడించడానికి ఇంతకన్నా మంచి కథ నాకు తెలియదు.

ప్రశ్న: ‘‘ప్రభూ, నన్ను నీ శాంతి సాధనంగా మలచుము’’ అనే ప్రార్థనలో కూడా ప్రకృతి గురించి ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అది ఫ్రాన్సిస్ రాసింది కాదమ్మా. 1912లో ఫ్రాన్సులో ఒక చిన్న భక్తి పత్రికలో, రాసినవారి పేరు లేకుండా మొదటిసారి అచ్చయింది. ప్రార్థన చాలా మంచిది, నిశ్చింతగా చెప్పుకోండి. ఆయన రచనల్లో మాత్రం వెతకొద్దు.

ప్రశ్న: అక్టోబరు 4న మా విచారణలో (మా గుడి పరిధిలో) ఫ్రాన్సిస్ వారి పండుగ చేస్తున్నాం. ఈసారి సృష్టి పరిరక్షణ అంశం పెట్టుకున్నాం. ఫాదర్‌గారు పాటల పోటీ, మొక్కల పంపిణీ అంటున్నారు. ఇంకా ఏం చేయొచ్చు?
– యువజన సంఘం సభ్యులు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మొక్కలు పంచడం మంచిదే, కానీ ఫొటో అయ్యాక నీళ్లు పోసేదెవరో ముందు తేల్చుకోండి. అంతకన్నా ముందు, ఉన్నవాటి సంగతి చూడండి.

ఫ్రాన్సిస్ తన సోదరుల మఠంలో తోట పని చేసే అతనికి ఏం చెప్పేవాడో తెలుసా, నేలంతా కూరగాయలు వేసేయకు, కొంత చోటు వదులు, అక్కడ గడ్డీ పూలూ వాటంతట అవి మొలవనీ అనేవాడు. అన్నం పెట్టని మొక్కకి కూడా చోటు ఉండాలన్నమాట. మన గుడి ఆవరణలు చూడండి, ఒక అంగుళం మట్టి కనపడకుండా సిమెంటు, దాని మీద టైల్స్. వాన పడితే నీళ్లు ఇంకే దారి లేక రోడ్డు మీదికి పోతాయి, ఎండాకాలం ఆ టైల్స్ మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. దాతలు ఇచ్చారు, శుభ్రంగా ఉంటుంది, అన్నీ నిజమే. కానీ ప్రహరీ గోడ పొడుగునా ఒక మూరెడు వెడల్పు నేల వదలమని అడగండి. దాన్ని చదును చేయొద్దు, కలుపు మందు కొట్టొద్దు. ఏం మొలుస్తాయో ఏడాది చూడండి. ఫ్రాన్సిస్ పేరు మీద చేయగలిగినవాటిలో ఇంతకన్నా సూటిది నాకు తోచలేదు, పైగా రూపాయి ఖర్చు లేదు.

చెట్ల గురించి కూడా ఆయన మాట ఉంది. పొయ్యిలోకి కట్టెలు కొట్టే సోదరుడికి చెట్టుని మొదలంటా నరకొద్దు, మళ్లీ చిగురు వేసే ఆశ దానికి మిగల్చు అనేవాడు. కొట్టొద్దనలేదు గమనించండి, వంట కావాలి కదా. పండుగ పందిరికో, కరెంటు తీగకి అడ్డమనో కొమ్మలు కొట్టాల్సి వస్తే అంతవరకే కొట్టండి. చేతులు కడుక్కున్న నీళ్లు జనం తొక్కే చోట పడకూడదని చూసుకునేవాడట. మరి మీ గుడి కుళాయిల కింద నీళ్లు ఎటు పోతున్నాయి? ఆ వదిలిన నేలలోకి మళ్లిస్తే సరిపోతుంది.

పండుగ రోజు ఫ్లెక్సీలు, థర్మాకోల్ ప్లేట్లు మానేయండి అని నేను చెప్పక్కర్లేదు, మీకే తెలుసు. విస్తరాకులు దొరుకుతాయి, కాస్త ముందు చెబితే చాలు.

డిసెంబరు దాకా ఈ పని కొనసాగించండి, ఎందుకంటే క్రిస్మస్ పశువుల పాక కూడా ఫ్రాన్సిస్‌తోనే ముడిపడి ఉంది. 1223లో గ్రెచ్చోలో నిజమైన గడ్డి, నిజమైన ఎద్దు, గాడిదతో ఆయన పాక కట్టించి, బాలయేసు ఎంత పేదరికంలో పుట్టాడో జనానికి కళ్లకి కట్టించాడు. మనమేమో ప్లాస్టిక్ గడ్డి, థర్మాకోల్ కొండలు, మెరుపు కాగితాలు కొంటున్నాం, అదీ మీ జిల్లాలో, వరి కోతలు అయ్యి ఊరినిండా గడ్డి కుప్పలున్న రోజుల్లో! ఒక రైతుని అడిగి మోపు గడ్డి తెచ్చుకోండి, పండుగ అయ్యాక అది ఏ ఆవుకో వేసేయొచ్చు.

అదే రోజు కోసం ఆయనకి ఇంకో కోరిక ఉండేది. చక్రవర్తితో మాట్లాడే అవకాశం వస్తే, భరత పక్షుల్ని (లార్క్ పిట్టల్ని) ఎవరూ పట్టకూడదని చట్టం చేయమంటాను, క్రిస్మస్ రోజు ఊరి బయట దారుల మీద పక్షుల కోసం గింజలు చల్లించమంటాను, ఎద్దులకీ గాడిదలకీ కడుపునిండా మేత వేయించమంటాను, ధనవంతులందరూ పేదలకి భోజనం పెట్టాలంటాను అనేవాడు. పేదలకి భోజనం, పిట్టలకి గింజలు, రెండూ ఒకే చట్టంలో. మీ వైపు ఇళ్ల చూరుకి పిచ్చుకల కోసం వరికుచ్చులు కట్టే అలవాటు ఉంది కదా, ఇప్పుడు తగ్గిపోతోంది. పెద్దవాళ్ల దగ్గర అల్లడం నేర్చుకుని గుడి వరండాలో కట్టండి. అదే రోజు గుడి ముందు చేయి చాచేవాళ్లనీ, గుడి ఊడ్చే ఆమెనీ పిలిచి, మీతో పాటు అదే పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించండి. ఈ రెండోది లేకపోతే మొదటిది చేసినా ఫ్రాన్సిస్ పండుగ చేసినట్టు కాదు, నా మాట నమ్మండి.

పాటల పోటీ కూడా తప్పకుండా పెట్టండి. సృష్టి గీతం ఉన్న చాలా పాత రాతప్రతి ఒకటి అస్సీసిలోనే ఉంది. అందులో మాటల పైన స్వరాలు రాయడానికి చోటు వదిలారు గానీ స్వరాలు మాత్రం ఎవరూ రాయలేదు, కాబట్టి ఆయన ఏ రాగంలో పాడించాడో ఎవరికీ తెలియదు. మీ కుర్రాళ్లు దాన్ని తేలిక తెలుగులో రాసుకుని సొంత బాణీ కట్టనీయండి. డప్పు ఉంటే డప్పు, హార్మోనియం ఉంటే హార్మోనియం. ఎక్కడో ఉన్న కొండల్ని కాకుండా మీ కాలవనీ, మీ చేలగట్టు మీద గడ్డినీ పాడమనండి. ఫోన్లో రికార్డు చేసి పంపితే వింటాను, మాటలు బాగుంటే వచ్చే సంచికలో అచ్చు వేద్దాం.